కరివేపాకు ఎన్నాళ్లకు కోసుకోవచ్చు? – పెరటి మందుమొక్కలు, వాటి పురుగులు, మనిషి వాడిన మందుల చరిత్ర

పెరట్లోనో మేడమీదనో తులసి, పుదీనా, కొత్తిమీర, కరివేపాకు, వాము, అశ్వగంధ వంటి మొక్కలు పెంచుకొనేవారి సంఖ్య ఇటీవల బాగా పెరిగింది. దానితోపాటు నన్ను అడిగే ప్రశ్నలూ మారాయి. మునుపు ఏ ఆకు ఏ జబ్బుకు పనిచేస్తుందని అడిగేవారు. ఇప్పుడు ఆకుకు పురుగు పట్టింది, ఏ మందు కొట్టమంటారని అడుగుతున్నారు. నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుణ్ణి కాను. కానీ ఉద్యోగకాలంలో చాలా ఏళ్లు పత్తి పండే ప్రాంతాలలో పనిచేసినందువల్ల పురుగుమందులు పురుగును ఏం చేస్తాయో తెలియకముందే మనిషిని ఏం చేస్తాయో చూశాను. ఆ కోణం నుండి ఈ చరిత్ర చెప్పదలచుకున్నాను.

మొదట నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1970ల చివరి సంగతి. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరాను. క్వార్టర్స్ పెరట్లో ఏపుగా పెరిగిన కరివేప చెట్టు ఉండేది. ఒక వర్షాకాలం దాని లేత ఆకులను పచ్చని గొంగళిపురుగులు రాత్రికి రాత్రి తినివేశాయి. ఆ రోజుల్లో బజారులో పొట్లాలు కట్టి అమ్మే గమాక్సిన్ పొడి తెచ్చి, చెట్టంతా తెల్లబడేలా చల్లాను. రెండు రోజుల తరువాత మా అమ్మ అడిగింది: “అబ్బాయ్, పొడి చల్లావు సరే, మరి ఆకు ఎన్నాళ్లకు కోసుకోవచ్చు?” కడిగి వేసుకుంటే చాలునని డాక్టరు హోదాలో చెప్పాను. ఆమె నా మాట వినలేదు. ఆ సంవత్సరమంతా పక్కింటి చెట్టు ఆకే మా పోపులో పడింది.

ఆమె చేసినదే సరి. గమాక్సిన్ అని మనం పిలిచిన బి.హెచ్.సి. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కుళాయి కింద ఎంత కడిగినా ఆకుపై మైనపు పొరలోకి దిగిన భాగం పోదు. పైగా కరివేపాకు వెళ్లేది మరుగుతున్న నూనెలోకి. నీరు తీయలేనిదాన్ని నూనె తీస్తుంది. ఆ నూనె మన పప్పులోకి చేరుతుంది. శరీరంలో చేరాక అది కొవ్వు కణజాలంలో ఏళ్ల తరబడి నిలిచి, తల్లిపాలలో కూడా కనిపిస్తుంది. మన దేశంలో బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. మా అమ్మ అడిగిన ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఒక విధంగా ఆ జవాబును వెదకడమే.

ఆకుమందుల విషయంలో ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో గమనించండి. వరిగింజకు ఊక ఉంటుంది, అరటికి తొక్క ఉంటుంది. తులసికీ పుదీనాకూ అటువంటి కవచం లేదు. మందు ఏ ఆకుపై పడుతుందో ఆ ఆకే నోట్లోకి వెళ్తుంది, అదీ తరచుగా పచ్చిగానే. ఎండబెట్టి పొడి చేస్తే మరో చిక్కు వస్తుంది. పచ్చి ఆకులో ఐదింట నాలుగు వంతులు నీరే అనుకుంటే, ఐదు కిలోల ఆకు ఎండి ఒక కిలో అవుతుంది. నీరు పోతుంది గాని మందు అవశేషం చాలావరకు ఉండిపోతుంది, కనుక గ్రాముకు దాని పాలు పెరుగుతుంది. అన్నిటికీ మించి ఈ ఆకులు తినేవారిలో రోగులు, బాలింతలు, పసిపిల్లలు ఎక్కువ.

ఇక్కడొక సందేహం సహజం. తులసికీ పుదీనాకూ అంత ఘాటైన వాసన, వేపకు అంత చేదు ఉండగా పురుగు ఎలా పడుతుంది? అసలు మొక్కకు ఆ వాసన ఎందుకు? చాలాకాలం శాస్త్రజ్ఞులు వీటిని మొక్క శరీరంలో మిగిలిపోయిన వ్యర్థ పదార్థాలని భావించారు. 1959లో గాట్‌ఫ్రీడ్ ఫ్రెంకెల్ అనే కీటక శాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాసి, ఈ రసాయనాలు కీటకాల నుండి రక్షణకోసం మొక్క సమకూర్చుకున్న ఆయుధాలని వాదించాడు. అంటే మనం ఔషధమని మెచ్చుకొనే గుణం, పురుగు దృష్టిలో విషం. అయితే ప్రతి ఆయుధానికీ దాన్ని జీర్ణించుకున్న శత్రువు ఒకటి పుడుతుంది. నిమ్మజాతి మొక్కల ఘాటుకు అలవాటుపడిన సీతాకోకచిలుక ఆ కుటుంబానికే చెందిన కరివేపను వాసన పట్టి వెదుక్కుంటూ వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగు మొదట్లో పిట్ట రెట్టలా కనిపించి, పెద్దదైనాక ఆకుపచ్చగా మారుతుంది. మా చెట్టును తిన్నది అదే. మనల్ని ఆకర్షించిన వాసనే దాన్నీ ఆకర్షించింది.

పురుగుతో పోరాటంలో మనిషి విషాన్నే కాదు, మరొక పురుగును కూడా వాడాడు. సామాన్య శకం 304 ప్రాంతంలో జీ హాన్ అనే చైనా పండితుడు రచించినట్లు చెప్పే దక్షిణదేశపు మొక్కల గ్రంథంలో ఒక ముచ్చట ఉన్నది. అక్కడి జనం ఎర్రచీమల గూళ్లను సంచులలో పెట్టి అంగడిలో అమ్మేవారట. వాటిని కొని నారింజ చెట్లకు కట్టేవారు. చీమలు లేని చెట్టు పండ్లన్నీ పురుగుల పాలయ్యేవట. ఆకులను పట్టుదారంతో కుట్టి గూడు కట్టే ఆ చీమల జాతిని మన మామిడితోటల్లో ఎక్కడైనా చూడవచ్చు. మామిడికాయలు కోయబోయి వాటి కాటు తిన్నవారికి పరిచయం అక్కరలేదు. అయితే ఈ చీమకు ఒక బలహీనత ఉన్నది. పేనుబంక, పిండినల్లి విసర్జించే తియ్యని జిగురుకు ఆశపడి అది వాటికి కాపలా కాస్తుంది. గొంగళిపురుగును చంపే చీమే పేనుబంకను పెంచుతుంది. పెరట్లో కొత్తిమీర మడి చుట్టూ చీమల బారు కనిపిస్తే ఆకు వెనుక తిప్పి చూడండి.

మన దేశంలో ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. చెట్టుకు రోగం వస్తే చెడిన భాగాన్ని శస్త్రంతో తొలగించి, విడంగం, నెయ్యి, బురద కలిపిన ముద్ద పూసి, పాలు కలిపిన నీరు పోయమన్నాడు. శస్త్రచికిత్స చేసి గాయానికి లేపనం వేయడం వైద్యుడికి ఎంత పరిచితమైన పని! విడంగమంటే మన పచారీ కొట్లలో దొరికే వాయువిడంగాలే. ఆయుర్వేదంలో కడుపులోని నులిపురుగులకు అదే మందు. మనిషి పురుగుకూ చెట్టు పురుగుకూ ఒకే గింజను వాడడంలో ఒక తర్కం ఉన్నది. తరువాతి శతాబ్దాలలో సురపాలుడు ఈ విషయంపైనే ఒక స్వతంత్ర గ్రంథం రచించాడు. చెట్ల రోగాలను వాత పిత్త కఫాలుగా విభజించడం, విడంగం, ఆవాలు వంటివాటి పొగ వేయడం అందులో కనిపిస్తాయి. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో మిగిలి ఉండగా, డాక్టర్ వై.ఎల్. నెనె చొరవతో నళినీ సాధలే ఇంగ్లీషులోకి అనువదించారు. 1996లో మన సికింద్రాబాదు నుండే అది వెలువడింది. అందులోని ప్రతి యోగమూ పనిచేస్తుందని నేను అనను. పరీక్షించి చూడదగినవి అని మాత్రమే అంటాను. పాతది గనుక సత్యమనడం, పాతది గనుక మూఢనమ్మకమనడం రెండూ సోమరితనాలే.

ఇక పొగాకు. యూరప్‌లో పొగాకు నానబెట్టిన నీటిని 1690 నాటికే పండ్లచెట్ల పురుగులపై చల్లేవారు. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్ అనే వైద్యుడు, రైమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కలిసి అందులోని నికోటిన్‌ను వేరు చేశారు. తరువాత నికోటిన్ సల్ఫేట్ అనే ద్రావణం ప్రపంచమంతటా తోటమాలుల ఇష్టమైన మందు అయింది. అది పేనుబంకను నిమిషాలలో చంపుతుంది. కారణం సులభం. నాడి నుండి కండరానికి సందేశం మోసే అసిటైల్‌కోలిన్‌కు ఏ గ్రాహకాలున్నాయో నికోటిన్ వాటినే పట్టుకుంటుంది. ఆ గ్రాహకాలు పేనుబంకకూ ఉన్నాయి, మనకూ ఉన్నాయి. పచ్చి పొగాకు కోసే కూలీలకు చర్మం ద్వారానే నికోటిన్ ఎక్కి వాంతులు, తలతిరుగుడు రావడం వైద్యగ్రంథాలలో నమోదైన జబ్బు. మంచు తడిసిన ఆకు కోసిన రోజున మరీ ఎక్కువ. మన దేశంలో నికోటిన్ సల్ఫేట్ వాడకం నిషిద్ధం. అమెరికా సేంద్రియ నియమాలలో కూడా పొగాకు పొడి నిషిద్ధ జాబితాలో ఉన్నది. అయినా పొగాకు కషాయం “సహజమైనది” అన్న పేరుతో పుదీనాపై కొట్టేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. అందులో ఎంత నికోటిన్ దిగిందో కాచినవారికి తెలియదు, పచ్చడి తిన్నవారికి అసలే తెలియదు.

పొగాకుకు భిన్నమైన కథ ఒక చామంతి చుట్టానిది. తెల్లని రేకలు, పసుపు గుండ్రంతో ఉండే పైరెత్రం పూలను ఎండబెట్టి పొడి చేస్తే నల్లులు, ఈగలు చచ్చిపడతాయని పర్షియా, కాకసస్ ప్రాంతాల వారికి తెలుసు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ పొడి యూరప్‌కు వచ్చింది. ఏడ్రియాటిక్ తీరంలోని డాల్మేషియాలో అంతకంటె శక్తివంతమైన జాతి దొరికింది. దాని విత్తనాలు 1880లలో జపాన్‌కు చేరాయి. అక్కడ ఉయెయామా ఎయిచిరో అనే వ్యాపారి ఆ పొడిని అగరువత్తిలా చేశాడు. వత్తి త్వరగా కాలిపోతుంటే, దాన్ని పాములా చుట్ట చుట్టమని సలహా ఇచ్చినది ఆయన భార్య యుకి అని చెబుతారు. 1902లో అమ్మకానికి వచ్చిన ఆ చుట్టే మనం రాత్రిళ్లు వెలిగించే దోమల కాయిల్‌కు తల్లి.

ఈ పువ్వులోని పైరెత్రిన్‌లకు ఒక గొప్ప గుణం ఉన్నది. కీటకాన్ని వెంటనే పడగొడతాయి. మనిషి కాలేయం వాటిని వేగంగా విడగొడుతుంది. ఎండలో కొద్ది గంటలలోనే అవి నశిస్తాయి. మా అమ్మ ప్రశ్నకు ఇంత దగ్గరగా జవాబిచ్చిన మందు అంతకుముందు లేదు. పొలానికి మాత్రం ఆ గుణమే లోపమైంది. ఉదయం కొట్టిన మందు సాయంత్రానికి లేకపోతే రైతుకు గిట్టదు. స్టాడింగర్, రుజిక్కా అనే ఇద్దరు – తరువాత ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి – దాని నిర్మాణాన్ని చాలావరకు ఛేదించారు. 1949లో అలెత్రిన్ అనే కృత్రిమ రూపం వచ్చింది. 1970లలో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో మైకేల్ ఎలియట్ బృందం ఎండకు తట్టుకొనే పెర్మెత్రిన్‌ను తయారు చేసింది. దోమతెరల రూపంలో ఈ కుటుంబం లక్షల ప్రాణాలు కాపాడింది, అందులో సందేహం లేదు. కానీ వేర్లను మరచిపోకూడదు. పువ్వు నుండి వచ్చిన పైరెత్రిన్ వేరు, సీసాలో వచ్చే సింథటిక్ పైరెత్రాయిడ్ వేరు. “చామంతి నుండి తీసిందే కదండీ” అని కొట్టువాడు చెబితే నమ్మవద్దు. అసలు పైరెత్రిన్ కూడా చేపలకు, తేనెటీగలకు ప్రమాదకరం. చామంతి జాతి పూల పుప్పొడితో ఆయాసం వచ్చేవారు దాని జోలికి పోరాదు.

అదే పందొమ్మిదవ శతాబ్దంలో పాషాణాల యుగం మొదలైంది. 1867లో అమెరికాలో బంగాళాదుంప పెంకుపురుగుపై పారిస్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగును చల్లారు. అది రాగి, ఆర్సెనిక్‌ల సమ్మేళనం. తరువాత సీసం, ఆర్సెనిక్ కలిసిన లెడ్ ఆర్సెనేట్ ఆపిల్ తోటలను ఏలింది. 1920ల నడుమ అమెరికా ఆపిల్ పండ్లపై ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నదని బ్రిటన్ దిగుమతి నిలిపివేస్తానని బెదిరించేదాకా వెళ్లింది. పంటకు కొట్టిన మందు భోజనపు బల్లపైకి వస్తుందన్న సంగతి దేశాల మధ్య తగవుగా మారడం అక్కడే మొదలని చెప్పవచ్చు.

1939లో పాల్ ముల్లర్ డి.డి.టి. కీటకనాశక శక్తిని గుర్తించాడు. 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది వైద్యశాస్త్రంలో అని చాలామందికి తెలియదు. మా తరం వైద్యులకు డి.డి.టి.ని తిట్టడానికి నోరు రాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులని అంచనా. 1965 నాటికి అవి లక్షకు దిగాయి. 1976లో మళ్లీ 64 లక్షలకు ఎగబాకాయి. ఆ తిరుగుబాటుకు కారణాలు పలు, దోమలకు మందు తట్టుకొనే శక్తి రావడం వాటిలో ఒకటి. గోడపై కొట్టే మందుగా అది ఒక సంగతి, ఆకుపై కొట్టే మందుగా మరొకటి. 1962లో రేచెల్ కార్సన్ ఎత్తిచూపినది ఆ రెండవదాన్ని. మన దేశం 1989లో వ్యవసాయంలో దాని వాడకాన్ని నిషేధించింది.

ఆర్గానోఫాస్ఫేట్ల గురించి మాత్రం పుస్తకం చూసి చెప్పనక్కరలేదు. 1930లలో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగులకోసం వెదుకుతూ యుద్ధవిషాలను కనుగొన్నాడు. వాటి తోబుట్టువులే పారాథియాన్, మోనోక్రోటోఫాస్. 1958లో కేరళలో పారాథియాన్ తగిలిన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. మందు, పిండి ఒకే ఓడలో వచ్చాయి. 1968 నాటి మన కీటకనాశనుల చట్టం వెనుక ఆ విషాదం ఉన్నది. మన భాషలో రోగి మింగేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. క్యాజువాలిటీలో “మందు తాగాడండీ” అని ఎడ్లబండి దింపినవారు అంటే ఏ మందో మేము అడిగేవాళ్లం కాదు. సూదిమొనంత చిన్నవైన కంటిపాపలు, నోటినిండా నురుగు, వెల్లుల్లిని తలపించే వాసన. నోరు ఎండేదాకా, గుండె వేగం పెరిగేదాకా అట్రోపిన్ ఎక్కిస్తూ రాత్రంతా పక్కన కూర్చోవడమే పని. కొందరు తాగనివారూ వచ్చేవారు. చొక్కా లేకుండా, గాలికి ఎదురుగా మధ్యాహ్నమంతా మందు కొట్టినవారు.

1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిపై తెల్లదోమ విరుచుకుపడింది. కాయతొలుచు పురుగుకోసం సింథటిక్ పైరెత్రాయిడ్లను విపరీతంగా కొట్టడంతో తెల్లదోమను తినే మిత్రకీటకాలు నశించడం దానికి ఒక ముఖ్య కారణం. దశాబ్దం తరువాత, 1997–98లో, వరంగల్ పత్తిరైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. చాలామంది చేతికి అందినది అప్పుతో కొన్న ఆ మందు డబ్బానే. ఈ చీకటిలోనే అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామం వేరే దారి పట్టింది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలతో పత్తి పండించి, 2003–04 నాటికి రసాయన పురుగుమందులు వాడని ఊరుగా ప్రకటించుకున్నది. ఇందులో మహిళా సంఘాలు ముందు నిలిచాయి. వేపగింజలు పొడిచేసి అమ్మడం కొందరికి ఉపాధి కూడా అయింది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ పద్ధతిని స్వయంసహాయక సంఘాల ద్వారా విస్తరించింది. ఈనాడు మనం మేడమీద కుండీలకు వాడే కషాయాలలో చాలావాటికి ఇటీవలి పరీక్షాశాల ఆ పత్తిచేలే.

వేప శాస్త్రీయ చరిత్ర మిడతలతో మొదలవుతుంది. 1959లో సూడాన్‌లో మిడతలదండు పచ్చనిదాన్నంతా తినివేసి వేపచెట్లను మాత్రం విడిచిపెట్టడాన్ని హైన్‌రిచ్ ష్ముటెరర్ అనే జర్మన్ కీటక శాస్త్రజ్ఞుడు గమనించాడు. 1960ల ఆరంభంలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో డాక్టర్ ఎస్. ప్రధాన్ బృందం వేపపప్పు కలిపిన నీరు చల్లిన ఆకును మిడతలు ముట్టవని నిరూపించింది. 1968లో ఇంగ్లండులో అందులోని ముఖ్య పదార్థం అజాడిరాక్టిన్‌ను వేరు చేశారు. దాని నిర్మాణం ఎంత జటిలమంటే, ప్రయోగశాలలో దాన్ని పూర్తిగా తయారుచేయడం 2007 దాకా సాధ్యపడలేదు. కేంబ్రిడ్జ్‌లో స్టీవెన్ లే బృందానికి అందుకు 22 ఏళ్లు పట్టింది. వేపచెట్టు ఏటా వేసవిలో మన వాకిట్లో రాల్చిపోయేదాన్ని!

అజాడిరాక్టిన్ నరాలపై దెబ్బ కొట్టదు. పురుగుకు తిండిపై ఏవగింపు కలిగిస్తుంది, కుబుసం విడిచే హార్మోన్ల క్రమాన్ని చెడగొడుతుంది. కనుక పురుగు వెంటనే చావదు. “నిన్న కొట్టాను, ఇవాళ కూడా కదులుతోంది” అని విసుగుపడేవారికి ఇదే సమాధానం. అది చావకపోయినా తినడం మానుతుంది. వేపనూనెను బూజునాశకంగా వాడే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖకూ ఒక కంపెనీకీ యూరప్‌లో లభించిన పేటెంటును మన దేశీయులు, ఇతరులు సవాలు చేయగా 2000లో రద్దుచేశారు. 2005లో అప్పీలూ వీగిపోయింది.

అయితే వేప పట్ల భక్తి వైద్యుణ్ణి మౌనంగా ఉంచకూడదు. పసిబిడ్డలకు జలుబుకనో నులిపురుగులకనో చెంచాడు వేపనూనె తాగించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నది. వాంతులు, మగత, ఫిట్స్, కాలేయం దెబ్బతినడం – రేస్ సిండ్రోమ్‌ను పోలిన ఈ స్థితిని 1981లో మలేసియా వైద్యులు లాన్సెట్ పత్రికలో నివేదించారు. మన దేశంలోనూ అటువంటి కేసులు నమోదయ్యాయి. మొక్కలకోసం తెచ్చిన వేపనూనె సీసాను వంటింటి అలమరలో నూనెల పక్కన పెట్టవద్దు.

సహజమైనదంతా సురక్షితం కాదన్నదానికి ఇంకా పెద్ద సాక్ష్యం రోటెనోన్. డెర్రిస్ అనే తీగ వేరును దంచి ఏటిలో కలిపి చేపలు పట్టే అలవాటు మలయా ప్రాంతపు జనానికి ఉండేది. ఆ వేరుపొడే ఇరవయ్యవ శతాబ్దమంతా సేంద్రియ తోటమాలుల నమ్మకమైన మందు. 2000లో అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలకు కొద్దికొద్దిగా రోటెనోన్ ఎక్కిస్తే పార్కిన్సన్స్ వ్యాధిని పోలిన మార్పులు మెదడులో వచ్చాయని చూపారు. 2011లో అమెరికా రైతులపై జరిగిన పరిశీలనలో రోటెనోన్ వాడినవారిలో ఆ వ్యాధి ఎక్కువగా కనిపించింది. రసాయన మందు పారాక్వాట్, వేరునుండి తీసిన రోటెనోన్ – ఒకే పట్టికలో పక్కపక్కన నిలిచాయి. ఇప్పుడు సేంద్రియ నియమాలు రోటెనోన్‌ను అంగీకరించడం లేదు.

మందు అసలు లేకుండా గెలిచిన కథ కూడా చెప్పాలి. 1868లో కాలిఫోర్నియాలో కనిపించిన ఒక తెల్లని దూదిపురుగు ఇరవై ఏళ్లలో నిమ్మ, నారింజ తోటలను నాశనం అంచుకు తెచ్చింది. అది ఆస్ట్రేలియా నుండి వచ్చిందని గ్రహించి, సి.వి. రైలీ 1888లో ఆల్బర్ట్ కోబెలెను అక్కడికి పంపాడు. ఆయన ఓడలలో పంపిన ఎర్రని చిన్న అక్షింతల పురుగులు మొత్తం అయిదు వందల పైచిలుకు మాత్రమే. 1889 ముగిసేసరికి తోటలు కోలుకున్నాయి. మన దేశానికి 1898లోనే అటువంటి మరొక ఆస్ట్రేలియా పురుగు కాఫీతోటలకోసం వచ్చింది. పిండినల్లిని తినే ఆ జాతి, క్రిప్టోలీమస్, నేటికీ మనకు సేవ చేస్తున్నది. దాని పిల్లపురుగు ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. ఎంతమంది గృహిణులు దాన్ని నలిపి పారేస్తున్నారో! మామూలు అక్షింతల పురుగు పిల్ల కూడా నల్లగా, చిన్న మొసలిలా భయపెడుతుంది. అదే రోజుకు డజన్ల పేనుబంకను తింటుంది. అయితే అశ్వగంధ పెంచేవారికి ఒక హెచ్చరిక. ఆ కుటుంబంలోనే ఆకు తినే జాతి ఒకటి ఉన్నది. వంకాయ, అశ్వగంధ ఆకులను జల్లెడలా గోకేస్తుంది. మిత్రజాతి వీపు నున్నగా మెరుస్తుంది, దీని వీపు సన్నని నూగుతో మసకగా ఉంటుంది.

1901లో జపాన్‌లో పట్టుపురుగుల చావుకు కారణంగా గుర్తించిన ఒక సూక్ష్మజీవి – బి.టి. అని ఇప్పుడు అందరికీ తెలిసిన పేరు – గొంగళిపురుగుల మందుగా మారింది. ఆమ్లం ఉన్న మన కడుపులో దాని విషం పనిచేయదు, క్షారగుణం ఉన్న గొంగళి కడుపులోనే పనిచేస్తుంది. హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ల దగ్గర మాత్రం దీన్ని వాడకూడదు.

ఇక మా అమ్మ అడిగిన ప్రశ్న. పేనుబంక పట్టిన పుదీనాకు, తులసికి నేను మొదట వాడేది నీళ్లు. ఉదయంపూట ఆకు అడుగున గట్టిగా చిమ్మితే సగం రాలిపోతాయి. వరుసగా మూడు రోజులు చేయాలి. ఆకు అదే రోజు కోసుకోవచ్చు. లొంగకపోతే లీటరు నీటికి ఒక చెంచా మెత్తని సబ్బుద్రావణం కలిపి చల్లుతాను, మరునాడు బాగా కడిగి వాడుకుంటాము. బట్టలుతికే డిటర్జెంటు ఆకును మాడుస్తుంది. ఆ పైన వేపగింజల కషాయం. యాభై గ్రాముల వేపపప్పు పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం వేళ కొట్టాలి, ఎండకు అది చెడిపోతుంది గనుక. కోతకు వారం ఆగడం మా ఇంటి నియమం. చేదు కూడా అప్పటికి పోతుంది. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు వేలాడదీస్తాను. పొగాకు కషాయం తినే ఆకుపై ఎన్నాళ్లు ఆగినా వద్దు. పత్తి మందు డబ్బాపై రాసిన వ్యవధిని కరివేపాకుకు అన్వయించవద్దు, అది పత్తికోసం నిర్ణయించినది. గర్భిణులు ఏ కషాయమూ చల్లే పని పెట్టుకోవద్దు.

గొంగళిపురుగుల సంగతి వేరు. ఇప్పుడు మా ఇంట్లో రెండు కరివేప చెట్లు ఉన్నాయి. వర్షాలు మొదలవగానే ఉదయం కాఫీ తాగి, కళ్లజోడు పెట్టుకొని, లేత రెమ్మల మీద పిట్ట రెట్టల్లా ఉన్నవాటిని ఏరి రెండో చెట్టు మీదికి మారుస్తాను. ఆ చెట్టు ఆకు మేము కోయము.